తాళాలు లోపల.. మనం బయట

బాపట్ల దాటాక సూర్యలంక దాకా ఉన్న తొమ్మిది కిలోమీటర్ల దారి కార్తీక మాసం ఆదివారాల్లో కార్లతో కిక్కిరిసిపోతుంది. తెనాలి నుంచి, గుంటూరు నుంచి తెల్లవారుజామునే బయల్దేరిన కుటుంబాలు పులిహోర డబ్బాలతో, పిల్లల మారుబట్టలతో దిగుతాయి. అందరూ నీళ్లలోకి దిగే ముందు ప్రతి కారు దగ్గరా ఒకటే సమస్య. తాళాలు ఎక్కడ పెట్టాలి? తడి పంచెకు జేబు ఉండదు. రిమోట్ ఉన్న తాళం ఉప్పునీళ్లలో మునిగితే మళ్లీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఇసుకలో జారితే వెతకడం దండగ. చివరికి ఎవరో ఒకరు తువ్వాళ్ల మధ్య పెడతారు, ఇంకొకరు ఆ తువ్వాళ్ల సంచిని డిక్కీలో పెట్టి మూత వేస్తారు, మూడో మనిషి డోర్లన్నీ లాక్ పడ్డాయో లేదో లాగి చూసి తృప్తిపడతాడు. స్నానాలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది.

"ఏవండీ, తాళాలు మీ దగ్గరేగా?"

"నీ సంచిలో వేశానుగా!"

సంచి కార్లో ఉంది. ఫోన్లూ అందులోనే ఉన్నాయి.

ఇక అక్కడి నుంచి చుట్టూ జనం చేరతారు. సైకిలు స్పోకు తెచ్చేవాళ్లు, స్కేలు ఉందా అని అడిగేవాళ్లు, మా బావమరిదికీ ఇలాగే అయిందని కథ మొదలుపెట్టేవాళ్లు. కాసేపటికి ఎవరి చేతిలోనో రాయి కనిపిస్తుంది. ఎండ పెరిగేకొద్దీ ఆ రాయికి మద్దతు పెరుగుతుంది.

కారు లాక్ పడిపోయిందని మనం ఒకే మాటగా అంటాం గానీ, అందులో రెండు వేర్వేరు సంఘటనలున్నాయి. లోపల తాళాలు, సామాను మాత్రమే ఉంటే ఎంత ఆలస్యమైనా ప్రాణం మీదికి వచ్చేది లేదు. లోపల పసిబిడ్డో, ముసలివాళ్లో, కుక్కపిల్లో ఉంటే ప్రతి నిమిషమూ లెక్కే. మనవాళ్లు చాలాసార్లు ఈ రెంటినీ తారుమారు చేస్తారు. ఎవరూ లేని కారు మీద రాయెత్తుతారు. బిడ్డ ఉన్న కారు దగ్గర నిలబడి, అద్దం పగిలితే ఖర్చవుతుందని, మారుతాళం కోసం ఇంటికి మనిషిని పంపుతారు. ఈ కథనం రాయడానికి అదే కారణం.

ఊరిని బట్టి కష్టం

ఒకే ఇబ్బంది తెనాలిలో ఒకలా, రేపల్లె పక్కన ఇంకోలా ఉంటుంది. తెనాలిలో ఇది ఎక్కువగా తొందర వల్ల జరుగుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో గాంధీచౌక్ చుట్టుపక్కల కారు ఆపి, ఇంజను నడుస్తుండగానే, ఏసీ వేసి ఉండగానే, పూలదండలు తీసుకుందామని దిగుతారు. కొన్ని కార్లలో కొద్దిసేపటికి లాకులు వాటంతటవే పడతాయి. కొన్నిట్లో లోపలున్న పిల్లవాడు కుదురుగా ఉండక బొత్తాం నొక్కుతాడు. వెనక బళ్లవాళ్లు హారన్లు మోగిస్తుంటారు. అయితే సాయం దగ్గర్లోనే ఉంటుంది. ఇంటికి మనిషిని పంపితే మారుతాళం వస్తుంది, నాలుగు వీధుల అవతల తాళాలు బాగుచేసే మనిషి దొరుకుతాడు.

రేపల్లె, నిజాంపట్నం వైపు సంగతి అలా కాదు. రొయ్యల చెరువుల దగ్గర రైతు రాత్రిపూట ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి వస్తాడు. కారు చెరువు గట్టు మీద ఆపి, లైట్లు అలాగే ఉంచి దిగుతాడు. డోరు గాలికి పడి లాక్ అయిందంటే చుట్టుపక్కల మనిషి అలికిడి ఉండదు. ఫోను సీటు మీద వెలుగుతూ కనిపిస్తుంటుంది, చేతికి మాత్రం అందదు. 216 నంబరు జాతీయ రహదారి కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా పోతుంది. ఆ దారిలో పొద్దుపోయాక ఆగిపోయిన ఒంటరి మహిళకు తాళం తీయించుకోవడం కంటే ముందు వెలుతురున్న చోట నిలబడటం ముఖ్యం. పెట్రోలు బంకు కనిపిస్తే అక్కడికి నడిచి, ఎవరి ఫోనైనా అడిగి 112కు చెప్పాలి. కారు ఎక్కడికీ పోదు.

ఇంట్లోవాళ్లలో ఒక్కరి ఫోను నంబరైనా నోటికి వచ్చి ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఫోను చేతిలో ఉన్నన్నాళ్లూ దాని అవసరం తెలియదు. అపరిచితుడు ఫోను ఇచ్చి "చేసుకోండి" అన్నప్పుడు భార్య నంబరు, కొడుకు నంబరు గుర్తురాక నిలబడిపోయేవాళ్లు ఎందరో.

గుండీ ఉన్న రోజులు

అంబాసిడర్లు, పద్మినీలు తిరిగిన కాలంలో లాక్ పడటం ఇంత పెద్ద విషయం కాదు. కిటికీ అంచున, డోరు మీద ఒక గుండీ ఉండేది. కిందికి నొక్కితే లాక్, పైకి లాగితే అన్‌లాక్. పురికొస తీసుకుని మధ్యలో జారుముడి వేసి, డోరు పైమూల సందులోంచి లోపలికి దించి, రెండు కొసలూ అటూఇటూ లాగుతూ ఆ ముడిని గుండీ మెడకు తగిలించేవాళ్లు. ముడి బిగిశాక పైకి ఒక్క లాగు. తల బొడిపెలా ఉన్న గుండీకే ఈ విద్య పారేది, నున్నగా సన్నగా ఉన్నదానికి పారేది కాదు. ముందు డోర్లకు అద్దం పక్కన ఇరుసు మీద తిరిగే చిన్న త్రికోణపు అద్దం కూడా ఉండేది. దాని గడియ వదులైతే చెయ్యి లోపలికి దూరేది. యజమానికి పనికొచ్చిన ఆ దారే దొంగకూ పనికొచ్చేది.

అప్పటి తాళాలూ అంతంతమాత్రమే. కారు డోరు తాళంలో పలచటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. తాళంచెవి మీది గాట్లు ఆ రేకులను సరైన ఎత్తుకు తెస్తేనే లోపలి గొట్టం తిరుగుతుంది. ఏళ్ల తరబడి వాడకంతో గాట్లూ అరిగి, రేకులూ అరిగి, ఒక కారు తాళం పక్కింటి కారుకు పట్టిన సందర్భాలు ఉండేవి. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలు అందించారు. ఆ బండి డోర్లకూ మొదట్లో ఇలాంటి లాకే. తరవాత ముప్పై ఏళ్లలో కారు తాళం మొత్తంగా మారిపోయింది. 1982లోనే రెనో ఫ్యూగో కారుకు ఫ్రాన్సులో రిమోట్ తాళం వచ్చింది. మన వీధుల్లోకి అది రావడానికి టైము పట్టింది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయాయి. వాటితోపాటే పురికొస విద్య కూడా దాదాపు పోయింది.

ఇప్పుడు తీగ పెట్టకండి

అద్దానికీ డోరుకూ మధ్య ఉండే రబ్బరు బీడింగు తప్పించి స్కేలు దించడం, లోపలి కడ్డీని తడిమి లాగడం చాలామంది డ్రైవర్లకు చేతనైన పని. పాత బళ్లకు అది సరిపోయింది. కొత్త బండికి అదే పని చేస్తే నష్టమే ఎక్కువ. ఈనాటి డోరు లోపల అద్దం మోటారు, లాక్ మోటారు, స్పీకరు, వాటి తీగలు, పక్కనుంచి గుద్దితే ఆపే ఉక్కు పట్టీ, ఇన్ని ఉంటాయి. లాకును కదిపే కడ్డీల స్థానంలో చాలా కార్లకు తొడుగులో నడిచే కేబుళ్లు వచ్చాయి. స్కేలుకు అవి దొరకవు. పక్క ఎయిర్‌బ్యాగులున్న కొన్ని కార్లలో గుద్దుకున్న సంగతి పసిగట్టే సెన్సారు డోరులోనే ఉంటుంది. కనపడని చోట ఇనుప పట్టీ తిప్పితే ఏ తీగ తెగిందో ఆ రోజు తెలియదు. ఆర్నెల్ల తరవాత అద్దం దిగకపోతే అప్పుడు తెలుస్తుంది.

ముందు చేతికి ఖర్చులేని పనులు చెయ్యాలి. నాలుగు డోర్లూ, డిక్కీ ఒక్కొక్కటీ లాగి చూడాలి. కంగారులో డ్రైవరు డోరొక్కటే పదిసార్లు లాగి మిగతావాటి దగ్గరికి వెళ్లనివాళ్లుంటారు. వెనక అద్దం రెండు వేళ్ల సందు దించి ఉందేమో చూడాలి. 2019 నుంచి మన దగ్గర అమ్ముతున్న చాలా కార్లకు ఫోను ద్వారా డోరు తెరిచే సదుపాయం ఉంది. హ్యుందాయ్ బ్లూలింక్, కియా కనెక్ట్, ఎంజీ ఐస్మార్ట్ లాంటివి. కొన్న రోజు షోరూములో పెట్టించుకుని తరవాత మరిచిపోయి ఉంటారు. భార్య ఫోనులో కూడా అది పెట్టించి ఉంటే, తెనాలిలో ఉన్న ఆవిడ సూర్యలంకలో ఉన్న కారు తెరవగలదు. కారుకు నెట్‌వర్కు అందాలి, అంతే.

బొత్తాం నొక్కి స్టార్ట్ చేసే కార్లు తాళం లోపలుంటే లాక్ పడనివ్వకుండా కూతపెడతాయని అందరూ ధీమాగా ఉంటారు. చాలావరకు నిజమే. కానీ తాళం స్టీలు డబ్బాల మధ్య పడినా, డిక్కీలో మూలకు చేరినా, అందులోని బ్యాటరీ నీరసించినా కారుకు అది కనిపించకపోవచ్చు. ఆ బ్యాటరీ చాలా రిమోట్లలో సీఆర్ 2032 రకం, గుండ్రటి బిళ్ల. గడియారాల దుకాణంలో దొరుకుతుంది. ఏడాదికోసారి మార్చుకుంటే ఎంతో మేలు. ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆ స్మార్ట్ తాళం పొట్టలోనే ఒక చిన్న ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. డోరు పిడి దగ్గర ప్లాస్టిక్ మూత కింద దానికి రంధ్రం ఉంటుంది. కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోయి రిమోట్ పలకనప్పుడు డోరు తెరిచేది అదే.

పనితెలిసినవాడు కొత్త కారు ఎలా తెరుస్తాడో దగ్గర నిలబడి చూడదగ్గ విషయం. ముందు డోరు పైమూల చుట్టూ గుడ్డ చుడతాడు, రంగు గీసుకోకుండా. ప్లాస్టిక్ మేకును ఆ మూలలో మెల్లగా దూర్చి కొంచెం సందు చేస్తాడు. ఆ సందులో ఖాళీ గాలిసంచి పెడతాడు. డాక్టరు బీపీ చూసేటప్పుడు నొక్కే రబ్బరు బుడ్డి లాంటిదాన్ని పిసుకుతుంటే సంచి ఉబ్బి, డోరు చట్రం వేలు పట్టేంత ఎడమవుతుంది. అంతకు మించి ఒత్తడు. మించితే చట్రం వంగి, తరవాత ప్రయాణంలో గాలి ఈల వేస్తుంది, వానాకాలం నీళ్లు సీటు మీదికి కారతాయి. అప్పుడు కొసన రబ్బరు తొడిగిన పొడుగాటి కడ్డీ లోపలికి పోతుంది. ఇక్కడ రెండో మనిషి కావాలి. అవతలి వైపు అద్దానికి చేతులడ్డం పెట్టి లోపలికి చూస్తూ అతను చెబుతుంటాడు: "ఇంకాస్త కిందికి.. ముందుకు.. ఆగు, ఆగు, తగిలింది." కడ్డీ కొస లాక్ బొత్తాం మీదో, లోపలి పిడి మీదో పడుతుంది. టక్కున చప్పుడు. చుట్టూ నిలబడ్డవాళ్లందరూ ఒక్కసారిగా ఊపిరి వదులుతారు.

ఆకురాయి పట్టిన చేతులు

తాళాలు బాగుచేసేవాళ్లను మనం తక్కువగా చూస్తున్నామని నాకు ఎప్పటినుంచో బాధ. పాత బస్టాండు పక్కనో, మార్కెట్ మొగలోనో, గొడుగు కింద చెక్కపెట్టె, పెట్టెకు వేలాడే తాళంచెవుల గుత్తులు, ఒక పట్టకారు, నాలుగు రకాల ఆకురాళ్లు. ఇంతే అతని దుకాణం. ఇనుప తుక్కుతో మనిషెత్తు విగ్రహాలు చేసి ప్రపంచానికి చూపిన శిల్పులున్న ఊరు తెనాలి. ఆ పనితనాన్ని మెచ్చుకున్న ఊరే గొడుగు కింద కూర్చున్న ఈ మనిషి దగ్గర పది రూపాయలకు బేరమాడుతుంది.

తాళంచెవి పూర్తిగా పోయినప్పుడు అతను చేసే పని చూడండి. గాట్లులేని బోడి తాళంచెవిని రంధ్రంలో పెట్టి కొంచెం బిగించి ఆడిస్తాడు. బయటికి తీసి వెలుతురుకు ఎత్తిపట్టి, కళ్లు చికిలించి చూస్తాడు. లోపలి రేకులు ఒత్తుకున్న చోట ఇత్తడి మీద గోటిగాటు కంటే సన్నటి మచ్చలు పడి ఉంటాయి. మచ్చ ఉన్న చోట ఆకురాయితో రెండు రాపులు. మళ్లీ పెట్టి ఆడించడం, మళ్లీ తీసి చూడటం. మచ్చ పడటం మానేసిన చోట ఇక రాయడు, ఆ గాటు సరిపోయినట్టే. అలా ఒక్కో గాటూ తేలి, ఒక్కసారి మణికట్టు తిప్పితే తాళం తిరుగుతుంది. కొలతలు లేవు, కాగితం లేదు. కంటికీ వేళ్లకూ తెలిసిన పని.

అలా చేసిన తాళంతో డోరు తెరుచుకున్నా చాలా కార్లు స్టార్ట్ కావు. తాళంచెవి పిడిలో ఒక చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ దగ్గరున్న తీగచుట్ట దాన్ని పలకరిస్తే, చిప్ తన అంకెను చెబుతుంది. ఆ అంకె కారు కంప్యూటరులో నమోదై ఉంటేనే ఇంజను అందుకుంటుంది. మారుతివాళ్లు దీన్ని ఐక్యాట్స్ అంటారు. మారుతాళం చేయించేటప్పుడు "డోరు వరకేనా, బండి కూడా కదలాలా" అని అడిగేది ఇందుకే. డోరు వరకే అయితే తక్కువలో పోతుంది. నిజానికి లాక్ పడినప్పుడు మనకు కావలసింది ఆ డోరు తాళమే, చిప్ ఉన్న తాళం లోపలే ఉంది కదా. చిప్ లేని సాదా తాళం ఒకటి చేయించి ఇంట్లో ఉంచుకోవడం నేను చాలామందికి చెబుతుంటాను. మామూలు ఇనుప తాళంచెవి పట్టే ప్రతి కారుకూ ఇది కుదురుతుంది.

మంచి పనివాడు పెట్టె విప్పే ముందు "బండెవరిదండీ?" అంటాడు. కొందరికి ఆ ప్రశ్న రోషం తెప్పిస్తుంది. అడిగినవాణ్ని మెచ్చుకోవాలి. ఎవరు పిలిస్తే వాళ్లకు ఏ కారైనా తెరిచిపెట్టేవాడు రేపు మీ కారు కూడా ఇంకొకడికి తెరుస్తాడు. అయితే ఆర్‌సీ డాష్‌బోర్డు అరలో, ఫోను సీటు మీద, రెండూ లోపలే ఉంటాయి. పక్కవాళ్ల ఫోనులో డిజీలాకర్ తెరుద్దామంటే ఓటీపీ లోపలున్న ఫోనుకే వస్తుంది. అలాంటప్పుడు ఊళ్లో తెలిసినవాళ్లు ఒకరు వచ్చి మాటివ్వడం, డోరు తెరిచాక మొట్టమొదట ఆర్‌సీ తీసి చూపించడం మర్యాద. పోలీసులు అక్కడుంటే ఇంకా మంచిది.

మారుతాళం సంగతి ఒక్క మాట. కారుతోపాటు షోరూమువాళ్లు ఇచ్చిన రెండో తాళం ఎక్కువ ఇళ్లలో బీరువాలో ఉంటుంది, బీరువా తాళం కారు తాళాల గుత్తికే ఉంటుంది. ఆ రెంటినీ విడదీయండి. తెనాలి నుంచి రేపల్లె రైలు దారి ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే, బస్సులూ తిరుగుతూనే ఉంటాయి. ఇంట్లో మనిషి తాళం తీసుకుని బస్సెక్కితే రెండు గంటల్లో పని అయిపోతుంది. లోపల ఎవరూ లేని కారుకు ఆ రెండు గంటలు ఆగడంలో ఏ నష్టమూ లేదు. బీమా పాలసీ కాగితం కూడా ఒకసారి చదవండి. దారిలో సాయానికి, తాళం పోతే కొత్తది ఇప్పించడానికి విడిగా చేర్చుకునే వెసులుబాట్లు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. కట్టినవాళ్లలో చాలామంది ఆ నంబరుకు ఫోను చెయ్యాలన్న సంగతే మరిచిపోతారు.

లోపల బిడ్డ ఉంటే

ఇప్పుడు రెండో సంఘటన గురించి.

2020 ఆగస్టులో కృష్ణా జిల్లా బాపులపాడు మండలం రేమల్లెలో ముగ్గురు ఆడపిల్లలు ఆగి ఉన్న కార్లోకి ఎక్కి ఆడుకుంటూ, డోర్లు పడిపోయి, ఊపిరాడక చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు అలాగే పోయారు. నెల తిరగ్గానే మే 18న, విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు. ఆదివారం పూట, ఆటకని వెళ్లి. ఈ మూడు ఊళ్ల పేర్లు రాస్తుంటే చెయ్యి ఆడటం లేదు. ఈ పిల్లలెవరూ రోడ్డు మీద ప్రమాదంలో పోలేదు. ఇళ్ల దగ్గర, తెలిసినవాళ్ల మధ్య, కదలని కార్లలో పోయారు.

ఎండలో ఆగిన కారు ఎంత వేగంగా వేడెక్కుతుందో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచి 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. బయట వేడి 22 నుంచి 36 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లో, గంటలో కారు లోపల సగటున మరో 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఇది మన బాపట్ల మే నెలకు అన్వయించి చూడండి, ఇక్కడ బయటే నలభై. పైగా పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. వాళ్లకు చెమట పట్టి చల్లబడే శక్తీ తక్కువే.

కాబట్టి లోపల బిడ్డ ఉండి, డోరు వెంటనే తెరుచుకోకపోతే అద్దం పగలగొట్టండి. మారుతాళం కోసం పంపడం, మెకానిక్ కోసం ఆగడం, యజమాని ఎవరో వెతకడం, ఇవేవీ ముందు వద్దు. ఒకరు 112కు ఫోను చేస్తుండగానే ఇంకొకరు పగలగొట్టాలి. బిడ్డ కూర్చున్న చోటికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని ఎంచుకోవాలి. ముందు పెద్ద అద్దం జోలికి పోవద్దు. దాని మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగుళ్లు పడుతుంది గానీ ఊడిరాదు. పక్క అద్దాలు గట్టిపరిచిన గాజు, పగిలితే చిన్నచిన్న పలుకులుగా రాలిపోతాయి. మధ్యలో కొడితే రాయి ఎగిరి వెనక్కి వస్తుంది. కింది మూలలో, మొనదేలిన ఇనుముతోనో, చక్రాల స్పానరుతోనో కొట్టాలి. చేతికి కండువా చుట్టుకోండి. బిడ్డను బయటికి తీశాక నీడకు తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి, గాలి విసరాలి. తెలివి తప్పి ఉంటే నోట్లో నీళ్లు పొయ్యకూడదు. 108 వచ్చేదాకా తడుపుతూనే ఉండాలి.

వేరేవాళ్ల కారు అద్దం పగలగొడితే కేసవుతుందేమోనన్న భయం చాలామంది చేతులు కట్టేస్తోంది. దురుద్దేశం లేకుండా, మనిషికి గానీ ఆస్తికి గానీ పెద్ద నష్టం తప్పించడానికి నిజాయతీగా చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో ఇదే 81వ సెక్షన్. చట్టం మీ వైపే ఉంది. పగిలిన అద్దం మళ్లీ వస్తుంది.

నల్ల ఫిల్ముల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని నిషేధించింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలన్నది నిబంధన. నేరాల అదుపు కోసమే కోర్టు అలా చెప్పిందని మనం అనుకుంటాం. లోపల చిక్కుకున్న పిల్లవాడి చెయ్యి దారిన పోయేవాళ్లకు కనిపించాలన్నా అద్దం తేటగా ఉండాలి. మన రోడ్ల మీద ఇప్పటికీ ఇన్ని నల్లద్దాలు తిరుగుతుంటే నాకు కోపమే వస్తుంది.

పైన చెప్పిన మూడు ఊళ్లలోనూ పిల్లలు ఎక్కిన కార్లు ఆగి ఉన్నవి, ఎక్కడానికి వీలుగా ఉన్నవి. తాళాలు లోపల పెట్టి లాక్ చేసుకున్న కారు కంటే, ఇంటి ముందే కదా అని లాక్ చెయ్యకుండా వదిలేసిన కారు ఎక్కువ ప్రమాదం. వాకిట్లో ఆపినా, పశువులపాకలో ఆపినా, పెళ్లింటి ముందు వరసలో ఆపినా లాక్ చేసి, తాళాలు పిల్లలకు అందని ఎత్తులో తగిలించండి. పిల్లవాడు కనపడకపోతే బావినీ కాలువనూ వెతికే మనం, ఇంటి చుట్టూ ఉన్న కార్లనూ డిక్కీలనూ ముందే చూడాలి. మూడు కాలువలు పారే తెనాలిలో తల్లుల చూపు సహజంగానే నీళ్ల వైపు పోతుంది. ఆ చూపు ఇక కార్ల వైపు కూడా పోవాలి.

పిల్లలకు ఒక్క పూటలో నేర్పగలిగింది కూడా ఉంది. వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి నుంచి ఎంత లాగినా తెరుచుకోవు. ముందు డోర్లకు ఆ లాక్ ఉండదు. అందుకని ముందు సీట్లోకి దూకాలి. అక్కడ పిడి లాగాలి. చాలా కార్లలో లాక్ పడి ఉన్నా పిడి ఒకసారి లాగితేనో, రెండోసారి లాగితేనో డోరు తెరుచుకుంటుంది, కొన్నిట్లో ముందు గుండీ పైకి లాగాలి. మీ కారుది ఏ పద్ధతో మీరు లోపల కూర్చుని లాక్ వేసుకుని చూస్తే తేలుతుంది. డోరు రాకపోతే హారన్ నొక్కాలి, నొక్కి వదలకూడదు. చాలా కార్లలో తాళం లేకపోయినా, ఇంజను ఆగి ఉన్నా హారన్ మోగుతుంది. అయిదేళ్ల పిల్ల చేతి బలానికి ఆ హారన్ పలుకుతుందో లేదో ఆ పిల్లతోనే నొక్కించి చూడండి. కొన్ని కార్లలో తాళం తీశాక హారన్ మోగదు. మీది అలాంటిదైతే ఎర్ర త్రికోణం గుర్తున్న బొత్తాం చూపించి, నాలుగు లైట్లూ ఆరుతూ వెలిగేలా చెయ్యడం నేర్పండి. వేసవి సెలవులకు మనవలు రేపల్లెకో బాపట్లకో వచ్చే ముందే తాతయ్యలు తమ కార్లలో ఇది ఒకసారి పరీక్షించి పెట్టుకుంటే, పిల్లలు దిగిన సాయంత్రమే నేర్పేయవచ్చు.